ఎద్దుమూపు గుట్టపై నలభై ఒక్క రాళ్ళను తిరిగి మోయించుట గురించి

గుట్టల సంరక్షణ, పర్యాటక విభాగపు ప్రత్యేక అధికారి గారి సముఖమునకు,

పంపుకొనువారు: మీనాంబాళ్, వయస్సు డెబ్బై ఆరు, కీర్తిశేషులు అళగిరిసామి గారి భార్య, పీలమేడు, కోయంబత్తూరు. మెట్టినూరు మేట్టుపాళయం దాటి ఎద్దుమూపు గుట్ట అడుగున ఉన్న నాయనపట్టి.

వ్రాయువారు: పై మీనాంబాళ్ మనుమడి భార్య చారులత. చెప్పినది చెప్పినట్లు వ్రాయుటకు ఒప్పుకొన్నది. కొన్ని తిట్లు మాత్రం వ్రాయనన్నది.

అయ్యా,

విషయం: పర్యాటకుల కమిటీ అధ్యక్షుడు కోదండరామన్, మా యింటి ఆడవాళ్ళ పుట్టింటిరాళ్ళను గుట్టపై నుండి పెరికించి మెట్లు కట్టించినందున, వాటిని అతని నెత్తిమీదనే తిరిగి మోయించవలెనని కోరుట.

ఇదివరకు తమకు తమిళములో మూడు అర్జీలు పంపుకొన్నాను. మూడింటికీ ఒకటే జవాబు వచ్చినది: తగు విచారణకై సంబంధిత కమిటీకి పంపడమైనది అని. సంబంధిత కమిటీ అంటే కోదండరామనే. మూడుసార్లూ అతనే నా అర్జీ చేతపట్టుకొని మా వసారాలోకి వచ్చి, కళ్ళద్దాలు తుడుచుకొని, నా మీద నాకే చదివి వినిపించాడు. "వదినా, నీ అర్జీ వచ్చిండాది. విచారించమనినారు. చెప్పు, నేనేమి తప్పు చేస్తిని?" అని అడిగాడు. కాఫీ ఇచ్చాను. గడప తొక్కినవాడికి కాఫీ ఇవ్వకుండా పంపడం నా పుట్టింటి అలవాటు కాదు. చక్కెర మాత్రం వేయలేదు.

తాము కడప వైపు నుండి వచ్చినవారని, తెలుగు చదువుతారని చారులత కనుక్కొన్నది. కోదండరామన్‌కు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. కమిటీలో ఎవరికీ రాదు. నాకూ రాదు. చారులత పలమనేరు పిల్ల గనుక వ్రాస్తున్నది. ఈ కాగితాన్ని విచారణకు కిందికి పంపినా చదివేవాడు ఉండడు గనుక తాము స్వయంగా చదవక తప్పదు. నాకు కావలసింది అదే.

1. మా వంశంలో కాపురానికి వచ్చే ఆడపిల్ల పుట్టింటి పొలంలో నుండి ఒక రాయి తెచ్చుకొంటుంది. పెద్ద టెంకాయంత ఉంటే చాలు. దాన్ని చుట్టకుదురు మీద పెట్టుకొని, చెప్పులు లేకుండా గుట్ట ఎక్కి, పైన చల్లసున పక్కన వరసలో నిలబెడుతుంది. చల్లసున అంటే బండ నడుమ ఉన్న నీటి గుంట, చిత్తిర ఎండకు కూడా ఇంకదు. ఆ నీళ్ళు తన రాయి మీద పోసిన నాటి నుండి ఆమె మా యింటిది. అంతవరకు చుట్టం. వండవచ్చు, వడ్డించవచ్చు, కులదైవానికి పొంగలి మాత్రం పెట్టరాదు.

ఆమె బ్రతికి ఉన్నన్నాళ్ళు ఆ రాయి నిలబడి ఉంటుంది. పోయిననాడు మిగిలిన ఆడవాళ్ళం వెళ్ళి దాన్ని పడుకోబెట్టి వస్తాము. మగవాళ్ళకు పత్రాలలో సంతకాలున్నాయి, గోడల మీద ఫోటోలున్నాయి, మనుమళ్ళకు వాళ్ళ పేర్లున్నాయి. మాకున్నది ఆ వరస ఒక్కటే. మొత్తం నలభై ఒకటి. పడుకొన్నవి ముప్పై రెండు, నిలబడినవి తొమ్మిది. నాకు ఒక్క అక్షరం రాదు గానీ ఆ నలభై ఒకటీ ఎవరెవరివో, ఏ ఊరి నుండి వచ్చాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మా అత్త తాయారమ్మాళ్‌ది ఎర్రరాయి, నడుముకు తెల్ల చార. నాది మదురై వైపు చుక్కలరాయి.

గుట్టకు సగంలో మళ్ళుడు గుండు ఉన్నది. మగవాళ్ళు దాన్ని దాటరాదు. అక్కడ నిలబడి దండం పెట్టుకొని వెనక్కు మళ్ళాలి. పాలపళ్ళు ఊడని పిల్లలు మాత్రం తల్లి నడుము మీద పైదాకా రావచ్చు.

2. కోదండరామన్ నా భర్తకు కడసారి తమ్ముడు. నేను పదహారేళ్ళ పెళ్ళికూతురిగా రాయి మోసుకొని ఎక్కిన రోజున అతనికి ఐదేళ్ళు. మా అత్త నడుము మీద వచ్చాడు. నేను రాయి నిలబెట్టగానే కిందికి దిగి, దానికే వీపు ఆనించి కూర్చొని ఒడినిండా పొరి, అంటే బొరుగులు, పోసుకొని తిన్నాడు. తిని, "వదినా, రాయి బరువుగా ఉండెనా?" అని అడిగాడు. ఆ రోజు మా అత్తతో సహా ఆ యింట్లో నన్ను ఆ మాట అడిగినవాడు అతనొక్కడే. అందువలన అతని మీద నాకు ప్రేమ పుట్టినది. సదరు పొరపాటును తమ సమక్షమున ఒప్పుకొంటున్నాను.

3. నాలుగేళ్ళ కిందట గుట్టను చూడవచ్చేవాళ్ళ కోసం బాగుచేయాలని సర్వే జరిగినది. పైన పూజాస్థలము గాని, పూర్వీకుల గుర్తులు గాని కలవా అని ఫారములో ఒక ప్రశ్న. అడిగినది ఎవరిని? గుండు దగ్గర వెనక్కు మళ్ళే మగవాళ్ళను. ఆరుగురు "పైన ఏమీ లేదు" అని సంతకం చేశారు. ఐదుగురిది అబద్ధం కాదు, పెద్దయ్యాక వాళ్ళు చూసి ఎరగరు. పాలపళ్ళనాటి సంగతి వాళ్ళకు గుర్తుందో లేదో, నేను ప్రమాణం చేయలేను. ఆరవవాడికి గుర్తున్నది. ఎందుకంటే నా మోకాలి ఆపరేషనుకు ముందటి యేడు కూడా, పొరి కొనుక్కొని వచ్చి, "నీ రాయికి నా పేరు చెప్పి ఇంత పెట్టు వదినా" అని గుండు దగ్గర నా చేతికిచ్చి పంపినవాడు అతనే.

4. ఆపరేషను తరువాత మూడేళ్ళు నేను గుట్ట ఎక్కలేదు. నేను ముందు నడవనిదే మిగతా ఆడవాళ్ళూ ఎక్కలేదు. ఈ సంవత్సరం ఆడినెల పద్దెనిమిదిన, మనుమడి పెళ్ళయి ఏడాది దాటినా చారులత రాయి ఇంకా నిలబెట్టలేదని, ఇద్దరం బయలుదేరాము. గాంధీపురంలో బస్సు ఎక్కి, మేట్టుపాళయంలో దిగి, అక్కడి నుండి ఆటో. దాని ఒడిలో పలమనేరు రాయి, పచ్చని గుడ్డలో చుట్టి ఉన్నది.

గుట్ట అడుగున కొత్తగా గేటు, గేటు పక్కన బోర్డు. చారులత ఇంగ్లీషులో ఉన్నది చదివి చెప్పింది: ఈ గుట్టపై రాయి గాని, మొక్క గాని, తేనె గాని కదిపినవారు, తీసుకొనిపోయినవారు శిక్షార్హులు. ఈ బోర్డును తాము గుర్తుపెట్టుకొనవలెను.

చూడవచ్చేవాళ్ళ మీద నాకు పగ లేదు. అది చూడదగినదే. తేనెపట్ల బండ కడుపు కింద పట్టులు ఎద్దు గంగడోలు మాదిరి నల్లగా వేలాడుతుంటాయి. దూకుడు అరువి అనే జలపాతం ఆడిగాలికి కిందపడదు, సగందాకా దిగి, లేచి, వెనక్కు ఎగిరి, ఎక్కేవాళ్ళ మొహాన కొడుతుంది. చారులత అక్కడ నిలబడి నవ్వింది. కాపురానికి వచ్చాక అది అట్లా నోరారా నవ్వడం నేను చూడలేదు. ఇంకా పైకి పోతే ఎద్దు వెన్నుపూస మాదిరి బండలు ఒకదాని వెనక ఒకటి. ఒక పక్క పోకతోటలు, వాటి నడుమ భవాని ఏరు. ఇంకో పక్క నీలగిరి, పొగ వదులుతూ పోయే కొండరైలు. కాలు నొప్పి మరిచి చూశాను. తరువాత జరిగినది జరగకపోతే తమకు మెచ్చుకోలు ఉత్తరమే వ్రాయించి ఉందును.

గుండుకు కొంచెం కింద సిమెంటు తోరణం కట్టారు. దాని మీద "తాయారమ్మాళ్ నినైవు వ్యూపాయింట్" అని ఉన్నదట, అనగా మా అత్త జ్ఞాపకార్థం. ఆమెకు ఒక్క ఫోటో కూడా లేదు. కాబట్టి పక్కన కోదండరామన్ తన ఫోటోనే పెట్టుకొన్నాడు. తోరణం కింద మెట్లు. మూడో మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయాను. కాలి కింద చుక్కలరాయి.

అయ్యా, పదహారో ఏటి నుండి ఆపరేషను దాకా ఏటేటా కడిగిన రాయి. దాని మీద సిమెంటు పూసి, పక్కన వేరే రాయి పేర్చి, అడ్డంగా పడుకోబెట్టి ఉన్నది. నేను బ్రతికే ఉన్నాను. మా తొమ్మిదిమందిమీ బ్రతికే ఉన్నాము. మమ్మల్ని ప్రాణాలతో ఉండగానే పడుకోబెట్టాడు.

ఒక అమ్మాయి ఫోటో తీసుకొంటూ, "పాట్టి, కొంజం తళ్ళి నిల్లుంగ" అన్నది. అవ్వా, కొంచెం తప్పుకొని నిలబడండి అని. నా రాయి మీద నుండి నన్ను తప్పుకోమన్నది. తప్పుకొన్నాను. ఆ పిల్లకు తెలియదు.

చల్లసున దాకా పాకినట్లే ఎక్కాను. వరస ఉన్నచోట నలభై ఒక్క గుంతలు, వాటిలో వాన నీళ్ళు. చారులత తన రాయి దించుకొని, "అవ్వా, ఎక్కడ పెట్టేది?" అని అడిగింది. వరస లేనిచోట నిలబెడితే అది గుట్టరాళ్ళలో ఒక రాయి అవుతుంది, అంతే. నేను దానికి చోటు చూపలేకపోయాను. ఈరోజుకూ చూపలేదు. ఈ పిల్ల నా యింట్లో ఇంకా చుట్టంగానే ఉన్నది.

5. దిగి వచ్చేసరికి కోదండరామన్ గేటు దగ్గర కొట్టంలో కూర్చొని ఉన్నాడు. అప్పుడు నడిచిన మాటలు చారులత వినగా నడిచినవి గనుక సాక్ష్యముగా వ్రాయిస్తున్నాను.

"ఏమి వదినా, ఎక్కి వస్తివా? మోకాలు బాగుండాదా?"

"నా రాయిని మెట్టు చేస్తివే, కోదండా."

"సుమ్మా ఊరికే పడుండిన రాళ్ళు వదినా. ఇంకో రెండు వానలకు కొట్టుకొని పోయుండును. నేను అమ్మ పేరు పెట్టి కాపాడితిని."

"గుండు దాటితివా?"

"సత్తెంగా దాటలేదు. ఆచారం తప్పేవాడినా నేను? గుండు కాడనే నిలబడితిని. కూలోళ్ళు పోయి తెచ్చిరి."

"ఏ రాళ్ళు తేవాల అనేది వాళ్ళకెట్ల తెలిసె?"

"చెయ్యి చూపిస్తిని."

"అట్లయితే నీ చెయ్యి దాటిందిరా, నీ కాలు నిలబడిందిగాని. సరి, ఇది చెప్పు. ఈ మెట్లలో మీ అమ్మ రాయి ఏది?"

అతను తోరణం వైపు చూశాడు. అక్కడి నుండి మెట్లు బాగానే కనిపిస్తాయి. "నీకు తెలుసు కదా వదినా, చెప్పు" అన్నాడు.

"చెప్పను."

మాట మార్చడానికి చారులతను పట్టుకొన్నాడు. "ఏమమ్మా, సంచి అంత బరువు? గుట్టనే ఎత్తుకొని పోతాండావా?"

"నా రాయే తాతా. పెట్టేదానికి చోటు లేకపాయె" అన్నది ఇది. అతను నవ్వాడు. గేటు అతనే తెరిచాడు.

6. ఆనాటి నుండి నేటికి మూడు నెలలు. అర్జీలు చదవడానికి వచ్చినవి కాక, కోదండరామన్ వేరేగా నాలుగుసార్లు వచ్చాడు. మొదటిసారి అరటిపళ్ళు, రెండోసారి నా మోకాలికి తైలం, మూడోసారి అసలు సంగతి. వచ్చే మార్గళిలో వాళ్ళమ్మ వర్ధంతికి పెద్దవాళ్ళను పిలిచి, ఆమె రాయి చుట్టూ అద్దాల పెట్టె కట్టి ఇత్తడి పలక పెట్టాలని అతని ఆశ. ఏ రాయో తెలియదు. మా యింట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. మిగిలిన ఎనిమిదిమందీ మా అత్త పోయిన తరువాత వచ్చినవాళ్ళు, తమ తమ రాళ్ళు గుర్తుపడతారు, అంతే.

నాలుగోసారి వట్టి చేతులతో వచ్చి గడపలో కూర్చొన్నాడు. "నన్ను ఇట్ల సంపొద్దు వదినా. ఆ మెట్ల మీద నడిచేదానికి కాలు రాలేదు. ఏ రాయి మీద కాలు పెడితే అది అమ్మదేమో అని భయంగా ఉండాది. అమ్మది ఏదో అది ఒక్కటి చెప్పు. దాన్ని మట్టుకు పెరికి ఇంట్లో పెట్టుకొంటా."

"మిగతా నలభై?"

గడప మీది దుమ్ము చేత్తో తుడిచాడు.

"మిగతావాళ్ళు ఎవరికీ అమ్మలు కాదా కోదండా?"

"వాళ్ళందరూ నాకెట్ల తెలుస్తారు వదినా" అన్నాడు. అది విన్న తరువాతనే ఈ అర్జీలో శిక్ష ఎట్లుండాలో నాకు తేటపడినది.

7. రుజువు కావాలంటే సులభము. ఎద్దుమూపు గుట్ట అంతా నల్లరాయి. మెట్లలో ఎర్రవి, పచ్చవి, పాలరాయి, చుక్కలరాయి ఎట్లు వచ్చినవి? నలభై ఒక్క పుట్టిళ్ళ నుండి నలభై ఒక్క తలల మీద వచ్చినవి. తమ విభాగంలో రాళ్ళ చదువు చదివినవారు ఉంటే పంపండి. అన్నం పెడతాను.

కాబట్టి తమను వేడుకొనునది ఏమనగా:

(అ) సదరు తోరణము, సదరు మెట్లు ఊడదీయించవలెను. ఫోటో ఉంచినా ఉంచవచ్చు. కాకులకు ఉపయోగపడుతుంది.

(ఆ) నలభై ఒక్క రాళ్ళనూ కోదండరామన్ తన నెత్తిమీద, చుట్టకుదురు పెట్టుకొని, చెప్పులు లేకుండా, ఒక్కొక్కటిగా మళ్ళుడు గుండు దాకా మోయవలెను. కంచరగాడిద కూడదు. కూలీ కూడదు. కొడుకు కూడదు. అతనికి అరవై ఐదేళ్ళు, రక్తపోటు మాత్రలు వేసుకొంటాడు. రోజుకు రెండు రాళ్ళు చాలును. తేనెపట్ల బండ నీడలో కూర్చొని నీళ్ళు తాగవచ్చు. చావకూడదు. చస్తే నా పని సగంలో ఆగిపోతుంది.

(ఇ) గుండు దగ్గర నేను కుర్చీ వేసుకొని కూర్చొంటాను. వచ్చిన ప్రతి రాయికీ అది ఎవరిదో, ఏ ఊరి పిల్లో, ఎన్నేళ్ళకు వచ్చిందో, ఎట్లా పోయిందో చెబుతాను. అతను తిరిగి చెప్పవలెను. తప్పు చెబితే ఆ రాయిని కిందికి దించి మరల మోసుకొని రావలెను. వాళ్ళందరూ నాకెట్ల తెలుస్తారు అన్నాడు గనుక, ఇట్లా తెలుస్తారు. గుండు నుండి పైకి మేము ఆడవాళ్ళం మోసుకొంటాము.

(ఈ) మా తొమ్మిదిమంది రాళ్ళ మీది సిమెంటు అతనే చెక్కవలెను. రాయికి గీత పడరాదు.

(ఉ) ఇకముందు ఏ గుట్టకు ఫారము పట్టుకొని వచ్చినా ఆ యింటి ఆడవాళ్ళను కూడా అడగవలెనని తమ విభాగమునకు ఉత్తరువు ఇవ్వవలెను. మగవాళ్ళు ఎక్కడ ఆగిపోతారో మొదట కనుక్కొని, అక్కడి నుండి ప్రశ్నలు మొదలుపెట్టవలెను.

(ఊ) కార్తిగ దీపం లోపల వరస నిలబడితే, నలభై రెండవదిగా చారులత పలమనేరు రాయి నిలబెట్టి, ఈ యేడు పొంగలి దాని చేతనే పెట్టిస్తాను. ఈ వాక్యము వ్రాయనన్నది. దాని సంగతి కాబట్టి సిగ్గట. వ్రాయమన్నాను, వ్రాసినది.

నేను నష్టపరిహారము అడగలేదు. క్షమాపణ కూడా అడగలేదు. క్షమాపణ అయితే అతను వసారాలో కూర్చొని సునాయాసంగా చెప్పేస్తాడు. నాకు అతని మెడ నొప్పి కావలెను.

పై సంగతులన్నిటినీ తాము ఒకసారి కుర్చీలో కూర్చొని, ఒకసారి గుట్ట ఎక్కి నిలబడి చిత్తగించవలెను.

ఇట్లు,
ఈ ఒక్క విషయంలో తప్ప మిగతా అన్నిటా తమ విధేయురాలు,
మీనాంబాళ్
(ఎడమ బొటనవేలి ముద్ర)

సవరణ: పైన (ఆ)లో నలభై ఒకటి అని ఉన్నచోట నలభై అని చదువుకొనవలెను.

ఇది వ్రాయవద్దని చారులత కలం కింద పెట్టినది. మళ్ళీ తీయించాను. ఆడి పద్దెనిమిదిన గేటు దాటినప్పుడు దాని సంచిలో రెండు రాళ్ళున్నవి. తోరణం పక్కన చెత్తబుట్ట గాలికి దొర్లకుండా ఒక రాయి ఆనించి పెట్టారు. ఎర్రరాయి, నడుముకు తెల్ల చార. సిమెంటు అంటని రాయి అదొక్కటే. నా రాయి తెచ్చుకోలేకపోయాను. వచ్చింది మా అత్తది. బ్రతికినన్నాళ్ళు నా కూరలో ఉప్పు సరిపోయిందని ఒక్కసారి అననిది, నా మీద ఎక్కి కొండ దిగింది. నా మీద అంటే చారులత భుజం మీద.

బోర్డు ప్రకారం రాయి తీసుకొనిపోవడం నేరము. ఒక రాయికి నా మీద కేసు పెట్టండి. అదే బోర్డు కింద నలభై ఒక్కటికి అతని మీద పెట్టండి. ఇద్దరం ఒకే బస్సులో కోర్టుకు వస్తాము.

ఈ సంగతి మాత్రం అతనికి తెలియనివ్వవద్దు. ప్రతి రాయీ మోస్తూ ఇదేనేమో అమ్మది అనుకోవాలి. అట్లా అనుకొంటే ఏ రాయినీ విసిరి పెట్టడు. నలభై అయిన తరువాత, "అమ్మది ఏది వదినా?" అని అడుగుతాడు. అప్పుడు పీలమేడుకు రమ్మంటాను. నలభై ఒకటవది ఇక్కడి నుండి తీసుకుపోవాలి. గాంధీపురం వరకు నెత్తిమీద పెట్టుకొని నడక. అక్కడి నుండి బస్సు ఎక్కనిస్తాను, కానీ రాయి ఒడిలో పెట్టుకోవాలి. ఒకప్పుడు ఆమె నడుము మీద ఎక్కిన గుట్టే.

అంతవరకు ఆమె మా వంటింటి కిటికీలో చారులత రాయి పక్కన పడుకొని ఉన్నది. రోజూ పొద్దున్నే నీళ్ళు పోసి, కొడుకు చేసిన పని మొదటి నుండి చెబుతున్నాను. చక్కెర లేని కాఫీ సంగతి కూడా చెప్పాను. ప్రాణంతో ఉండగా నేను వాడిని ఒక్క మాట అంటే పది మాటలు అడ్డం వచ్చేది. మూడు నెలలైంది అయ్యా, ఇంతవరకు వాడి వైపు నోరు తెరవలేదు.